కొత్త మాస్టారికి లేఖ: పిల్లలే ఆట తయారుచేసే తరగతి



కంప్యూటర్లో ఆట ఆడటం వేరు, ఆటను తయారుచేయటం వేరు. బడికి పనికొచ్చేది రెండోదే. 1967లో సేమూర్ పేపర్ట్, సింథియా సాలమన్, వాలీ ఫోర్జిగ్ పిల్లల కోసం లోగో అనే ప్రోగ్రామింగ్ భాషను తెచ్చారు. అదే దారిలో అమెరికాలోని ఎం.ఐ.టి. మీడియా ల్యాబ్ 2007లో స్క్రాచ్‌ను విడుదల చేసింది. ఇందులో ఆదేశాలన్నీ రంగురంగుల దిమ్మెలు. ఒకదాని కింద ఒకటి అతికిస్తే బొమ్మ కదులుతుంది. ఇది ఉచితం. ఒకసారి దించుకుంటే నెట్ లేకున్నా నడుస్తుంది.

దీని బలం లెక్కల పాఠంలో ముందుగా తెలుస్తుంది. సమబాహు త్రిభుజం గీయమంటే చాలామంది పిల్లలు మొదట 60 డిగ్రీలు తిప్పుతారు, లోపలి కోణం అంతే కదా అని. బొమ్మ మూడు గీతలు గీసి, మూసుకోకుండా సగం షడ్భుజి దగ్గర ఆగిపోతుంది. అక్కడ మాస్టారు తొందరపడి జవాబు చెప్పకూడదు. సుద్దముక్కతో నేలమీద త్రిభుజం గీసి దాని వెంట నడవమంటే, మూల దగ్గర తిరగాల్సింది 120 అని, అది బాహ్యకోణమని పిల్లలకే తెలిసిపోతుంది. అలా తెలిసింది పరీక్ష అయ్యాక కూడా మరచిపోరు.

ఇక ఊరూరి సంగతికి వస్తే, ధర్మవరం మగ్గాల ఇళ్ల పిల్లలకైతే ప్రోగ్రామింగ్ కొత్త విద్యే కాదు. మగ్గం మీది జకార్డు అట్టలో రంధ్రం ఉన్నచోట పడుగు పోగు లేస్తుంది, లేనిచోట లేవదు. అట్టల దండ తిరిగి మొదటికి రాగానే అదే బుటా మళ్లీ నేతలో పడుతుంది. స్క్రాచ్‌లో ఆదేశాన్ని మళ్లీ మళ్లీ చేయించే దిమ్మె పని కూడా ఇదే. స్క్రాచ్ తెర వెడల్పు 480 యూనిట్లు. 40 యూనిట్లకు ఒక బుటా చొప్పున వేస్తే పట్టుచీర అంచులో 12 పడతాయి. దూరం మార్చి చూస్తే భాగహారం దానంతటదే వస్తుంది. తెర నడిమధ్య సున్నా కాబట్టి, ఎడమవైపుకు వెళ్లిన బుటా ఋణ సంఖ్యలనూ నేర్పుతుంది.

హిందూపురం పిల్లలకు లేపాక్షి ఆలయం దగ్గర. అక్కడి లతామంటపం స్తంభాల మీది అల్లికలను నోటుపుస్తకంలో దించుకొచ్చి తెరమీద తిప్పి చూస్తే సౌష్ఠవం పాఠం పూర్తవుతుంది. హిందూపురం కర్ణాటక సరిహద్దు ఊరు కనుక, బొమ్మల చేత తెలుగు, కన్నడ రెండు భాషల్లోనూ పిల్లల సొంత గొంతుతో మాట్లాడించవచ్చు. పెనుకొండలో చరిత్రే కథ: 1565 తళ్ళికోట యుద్ధం తరువాత విజయనగర రాజధాని అక్కడికి మారింది. ఆ యుద్ధ వార్త మోసుకొచ్చే వేగు ఏ దారిన రావాలో, దారిలో ఏమి ఎదురవుతుందో పిల్లలే తేల్చుకుంటే, ‘ఇలా అయితే’ అనే షరతు దిమ్మె వాడకం వచ్చేస్తుంది.

ప్రశ్న, నాలుగు జవాబులు, మార్కులు అనే క్విజ్ ఆటతో మొదలుపెట్టకపోవటం మేలు. అది రంగులు పూసిన స్లిప్ టెస్టు మాత్రమే. కంప్యూటర్లు తక్కువైతే జంటలుగా కూర్చోబెట్టాలి: ఒకరు దిమ్మెలు కదుపుతారు, మరొకరు చెబుతారు, కాసేపటికి చోటు మారతారు. మార్కులు ఆట అందానికి కాదు, తన దిమ్మెల వరుసను విద్యార్థి వివరించిన తీరుకు వేయాలి.