సర్వర్ అప్‌గ్రేడ్ చేశాక నెట్ ఆగిపోతుంటే

ప్రశ్న: మా పలకల ఫ్యాక్టరీ లెక్కల సర్వర్‌లో ఉబుంటు అప్‌గ్రేడ్ చేశాం. అప్పట్నుంచి నెట్ మధ్యమధ్య ఆగిపోతోంది. లాగ్‌లో ‘ట్రాన్స్‌మిట్ క్యూ టైమ్డ్ అవుట్’ అని వస్తోంది. నెట్‌వర్క్ కార్డు మార్చాలా? — ఒక పాఠకుడు, రాచర్ల

జవాబు: అప్పుడే కొనకండి. ఇచ్చిన ప్యాకెట్లు పంపేశానని కార్డు గడువులోగా చెప్పకపోతే కెర్నెల్ ఈ మాట రాస్తుంది, డ్రైవర్ కార్డును రీసెట్ చేస్తుంది. ముందు గ్రబ్ మెనూలో పాత కెర్నెల్ ఎంచుకుని, పని బాగా ఉండే రోజంతా నడపండి. ఇబ్బంది పోతే కార్డు పాడైనట్టు కాదు, కొత్త కెర్నెల్ డ్రైవర్‌నే అనుమానించాలి. అప్పుడు కొత్త కెర్నెల్‌లో ఈథ్‌టూల్ కమాండ్‌తో టీఎస్‌ఓ, జీఎస్‌ఓ అనే ఆఫ్‌లోడ్ సెట్టింగులు ఆపి చూడండి. తగ్గకపోతే గ్రబ్‌లో ఏఎస్‌పీఎం అనే విద్యుత్ పొదుపును ఆపండి. రియల్‌టెక్ కార్డులైతే నేను మొదట చూసేది ఇదే. పాత కెర్నెల్‌లోనూ ఆగిపోతుంటే కేబుల్, స్విచ్ పోర్టు మార్చి చూడండి. ఇదంతా తేలేదాకా పాత కెర్నెల్‌ను మాత్రం తీసేయకండి.