స్తంభమునకు జంట పరీక్ష

తెలుగు పంతులికి కాంక్రీటు ఏలయని నవ్వకుడు. మార్కాపురం పలకను చదునైన నేలపై పరచి అదిమినను విరుగదు. అంచులు పట్టి వంచినచో పుటుక్కుమనును. కాంక్రీటు స్వభావమూ అట్టిదే: ఒత్తిడిని ఓర్చును, సాగును ఓర్వదు. ఆ సాగును మోయుటకే ఉక్కు కమ్ములు.

స్తంభముపై భారము సరిగా నడుమ పడుట అరుదు. 600 కిలోన్యూటన్ల భారము 100 మిల్లీమీటర్లు ప్రక్కకు జరిగినచో 60 కిలోన్యూటన్-మీటర్ల వంపు భ్రామకము పుట్టును. అందుచేతనే భారత ప్రమాణము 456 (2000) కనీసము 20 మిల్లీమీటర్ల ఉత్కేంద్రతను లెక్కలో చేర్చుమన్నది. గిద్దలూరులోనైనను, మరెచ్చటనైనను ఇంటి మూల స్తంభమునకు రెండు దిక్కులనుండియు వంపు వచ్చును. భారమును వేరుగా, వంపును వేరుగా సరిచూచి తృప్తిపడరాదు. రెంటిని కలిపి ఒకే వక్రరేఖపై చూడవలెను.

అందొక వింత కలదు. వంపు అధికమై భారము స్వల్పమైన చోట, ఆ భారము ఇంకను తగ్గినచో స్తంభము బలపడదు, బలహీనపడును! సాగును అణచుచుండినది ఆ ఒత్తిడియే గదా. కనుక గాలి, భూకంపముల లెక్కలో గరిష్ఠ భారముతోపాటు కనిష్ఠ భారమును కూడ పరీక్షింపవలెను.