గిడ్డంగికి మళ్లీ సరుకులు

చిరంజీవి సుమతికి,

మూతపడ్డ పాత గిడ్డంగిని పేటవాళ్ల కిరాణా దుకాణంగా మార్చడం గురించి థీసిస్ రాస్తానన్నావు, మంచి విషయం. అందుకు న్యూయార్క్‌లో బ్రూక్లిన్ రేవు అంచున ఉన్న రెడ్‌హుక్ స్టోర్స్‌ని ఎంచుకోవడం ఇంకా బాగుంది. నువ్వు పంపిన ప్రతిపాదనలో ‘పాత కట్టడానికి కొత్త ప్రాణం’ అన్న మాట మూడు చోట్ల కనిపించింది. ఆ మాటతోనే నాకు పేచీ. కట్టడానికి మనం ప్రాణం పోయం తల్లీ. దాని ఒంటికి ఏ పని పడుతుందో కనిపెట్టి ఆ పని అప్పజెబుతాం, అంతే. గిడ్డంగి ఒంటికి కిరాణా పడినంతగా మరొకటి పడదని నా వాదన. పడని చోట్లు కూడా ఉన్నాయి, వాటినీ దాచను.

ముందు పేరు చూడు. అమెరికా అంతర్యుద్ధం ముగిశాక, 1860ల చివర, విలియం బియర్డ్ అనే కాంట్రాక్టరు ఓడల్లో వచ్చే పత్తి, కాఫీ లాంటి సరుకు దాచడానికి కట్టించిన ఇటుక కట్టడం అది. అప్పట్లో అక్కడ ‘స్టోర్స్’ అంటే అమ్మే చోటు కాదు, నిలవ చేసే చోటు. మన వీధి చివర ‘కిరాణా అండ్ జనరల్ స్టోర్స్’ అని బోర్డు కట్టే కొట్టువాడికి ఈ సంగతి తెలియకపోవచ్చు గానీ, అతని వెనక గదిలో బస్తాలు చూస్తే రెండర్థాలూ ఒక్కచోటే కాపురం చేస్తుంటాయి. ఇంగ్లీషువాళ్ల ‘గోడౌన్’ కూడా ఇలాంటిదే. అది మలయ్ భాషలోని ‘గుదాంగ్’ నుంచి వచ్చిందనీ, దాని మూలం మన ‘గిడ్డంగి’ గానీ తమిళ ‘కిడంగు’ గానీ కావచ్చుననీ నిఘంటువులు చెబుతాయి. సరుకు దాచడం, సరుకు అమ్మడం దగ్గరి చుట్టాలని మాటలే సాక్ష్యం పలుకుతున్నాయి. మాటల సాక్ష్యం మీద మాత్రం కట్టడాలు నిలబడవు కాబట్టి బరువుల దగ్గరికి వద్దాం.

అమెరికా ప్రమాణాల ప్రకారం నివాస గదికి చదరపు అడుగుకు 40 పౌన్ల బరువు లెక్కిస్తారు. కింది అంతస్తు చిల్లర దుకాణానికి 100, తేలిక సరుకు గిడ్డంగికి 125, భారీ సరుకు గిడ్డంగికి 250. అంటే గిడ్డంగిని దుకాణం చేసినప్పుడు నేల మీద భారం సాధారణంగా తగ్గుతుందే గానీ పెరగదు. పాత బడినో ఇంటినో దుకాణం చేయబోతే కథ తిరగబడుతుంది, ఉక్కు దూలాలు దూర్చక తప్పదు. వెలుతురు సంగతీ అంతే. గిడ్డంగి లోతైన కట్టడం, చిన్న కిటికీలు, వాటికి ఇనుప తలుపులు. ఎండ నుంచీ దొంగల నుంచీ సరుకుని కాచడానికే అలా కట్టారు. దాన్ని ఫ్లాట్లుగా కోస్తే నడిమి గదులకి గాలీ వెలుతురూ రావు, గోడలకి కొత్త కంతలు పెట్టాల్సి వస్తుంది. కిరాణాకి ఆ చీకటి మేలే. ఆకుకూర మీద ఎండ పడకూడదు, నూనె డబ్బాల మీదా పడకూడదు. బారులు తీరిన బీరువాల వెనక్కి గోడ కావాలి గానీ కిటికీ ఎందుకు? బండి వచ్చి ఆగే పెద్ద తలుపులు ముందే ఉన్నాయి. రెడ్‌హుక్‌లో కింది భాగాన్ని దుకాణానికిచ్చి, పై అంతస్తులని ఇళ్లకీ ఆఫీసులకీ మలిచారు. ఆ పంపకంలో తెలివి ఉంది. అయితే అంకెలు చూసి ధీమా పడకు. కొయ్య దూలం కొన గోడలోకి దిగిన చోట చెమ్మ పట్టి కుళ్లి ఉంటే, నడుమ ఎంత గట్టిగా ఉన్నా లాభం లేదు. ముందు ఆ కొనలు చూడు, తరవాతే లెక్కలు.

ఇక అభ్యంతరాలు. వారసత్వ కట్టడంలో ఉల్లిపాయలు అమ్మడమేమిటి, మ్యూజియం పెట్టవచ్చుగా అని అడిగేవాళ్లు నీ వైవాలో తప్పకుండా ఉంటారు. 1964 నాటి వెనిస్ చార్టర్ అయిదో అధికరణం చదివి వెళ్లు. సమాజానికి పనికొచ్చే వాడుకలో ఉంచడం కట్టడ పరిరక్షణకి ఎప్పుడూ తోడ్పడుతుందని అందులో ఉంది. ఆ వాడుక కోసం కట్టడం తీరునీ అలంకరణనీ మార్చకూడదన్న షరతూ ఆ వెంటే ఉంది, దాన్ని మింగేయకు. మ్యూజియానికి జనం ఒకసారి వస్తారు, కిరాణాకి వారానికి రెండుసార్లు వస్తారు. రోజూ మనుషులు తిరిగే చోట కప్పు కారితే ఆ వారమే తెలుస్తుంది. తాళం వేసిన చోట దూలం కూలితే గానీ తెలియదు.

దీనికంటే బలమైన అభ్యంతరం ఇంకొకటి ఉంది, అది నాకూ నిద్ర పట్టనివ్వదు. కాఫీ బస్తాకి చలి అక్కర్లేదు, నీళ్లూ అక్కర్లేదు. నేటి కిరాణాకి రెండూ కావాలి. శీతల గది చల్లదనం పాత ఇటుక గోడకి తగిలితే గాలిలో తేమ అక్కడ చెమటలా పడుతుంది, వెనక బూజు మొదలవుతుంది. కాబట్టి శీతల గదిని గోడకి ఆనించక, గదిలో పెట్టెలాగా విడిగా నిలబెట్టాలి, చుట్టూ గాలి ఆడాలి. కరెంటు ఆదా కోసం గోడలకి లోపలివైపు ఇన్సులేషన్ అంటించమని ఇంకొకరు సలహా ఇస్తారు. న్యూయార్క్ లాంటి మంచు ఊళ్లో అది ఇటుకకే ముప్పు. లోపలి వెచ్చదనం అందక గోడ బయటి పొర చల్లబడి తడిగా ఉండిపోతుంది, ఆ తడి గడ్డకట్టి కరిగినప్పుడల్లా ఇటుక ముఖం పొరలుగా రాలుతుంది. ఆదా కావాలంటే పైకప్పుకి ఇన్సులేషన్ చేయించు, చల్లని బీరువాలకి అద్దం తలుపులు పెట్టించు. సున్నపు కీళ్లని సిమెంటుతో పూడ్చడమూ ఇలాంటి పాపమే. సున్నం తేమని బయటికి వదులుతుంది, సిమెంటు ఆ దారి మూసి దాన్ని ఇటుకలోకి నెడుతుంది. చేపలు, కూరలు కడిగే చోట్లన్నీ ఒకే వరసకి తెస్తే నేలని ఒక్కచోటే తవ్వితే సరిపోతుంది. నీ ప్లానులో అవి నాలుగు మూలలా చెల్లాచెదురుగా ఉన్నాయి.

స్తంభాలు దగ్గర దగ్గరగా ఉండటం కిరాణాకి ఇబ్బందేనని ఒప్పుకుంటాను. సూపర్‌మార్కెట్ కంపెనీలు ఖాళీ హాలు అడుగుతాయి. స్తంభాల వరస ఎటు పోతే బీరువాల వరసని అటే పోనివ్వు, సగం గొడవ తీరుతుంది. మిగతా సగం కోసం రెండు స్తంభాలు తీసేద్దామని ఎవరన్నా అంటే మాత్రం తల ఊపకు.

అసలు కీలకం కట్టడం వయసుకీ దుకాణం వయసుకీ మధ్య ఉన్న తేడా. రెడ్‌హుక్‌లో ఫెయిర్‌వే అనే సంస్థ సుమారు 52,000 చదరపు అడుగుల్లో 2006లో దుకాణం తెరిచింది. 2012 అక్టోబరులో శాండీ తుపాను సముద్రాన్ని తెచ్చి లోపల పోసింది, సామగ్రి పాడయింది, మళ్లీ తలుపులు తెరిచేసరికి 2013 మార్చి. 2020లో ఆ సంస్థ దివాలా తీసింది, ఆ చోటుని ఫుడ్ బజార్ అనే మరో సంస్థ తీసుకుంది. పద్నాలుగేళ్లలో వరద, దివాలా, ఇద్దరు దుకాణదారులు. ఆ ఇటుక గోడలు మాత్రం నూటయాభై ఏళ్లు దాటి నిలబడే ఉన్నాయి. కాబట్టి నువ్వు గీసే ప్రతి గొట్టం, ప్రతి అడ్డుగోడ రేపు మరొకరు విప్పగలిగేలా ఉండాలి. పాత ఇటుకలోకి బోల్టు కొట్టేబదులు కీలులోకి కొట్టు, కీలుని మళ్లీ పూడ్చవచ్చు. కరెంటు బోర్డులు వరద మట్టానికి పైన ఉంచు.

పేటవాళ్ల మాటేమిటని అడుగుతావు. రెడ్‌హుక్ పేటలో 1930ల చివర కట్టిన పెద్ద ప్రభుత్వ గృహ సముదాయం ఉంది, మెట్రో స్టేషనుకి చాలా దూరం నడవాలి. అలాంటి చోట నడిచి వెళ్లగలిగే దూరంలో కూరగాయలు దొరకడం చిన్న విషయం కాదు. మరోవైపు పెద్ద దుకాణం వస్తే బయటి కార్లూ లారీలూ వస్తాయని అక్కడ ముందే ఆందోళన పడ్డారు, అది వట్టి భయం కాదు. పరిరక్షణ బాగా చేసినంత మాత్రాన పప్పు ధర తగ్గదు. అది అద్దె ఒప్పందంలో తేల్చుకోవాల్సిన విషయం, ఆర్కిటెక్టు గీతలో తేలదు. నీ చేతిలో ఉన్నది ఒక్కటే: పార్కింగ్ వైపు ఎంత పెద్ద తలుపు పెట్టావో, ఇళ్ల వైపు నడిచి వచ్చేవాళ్లకీ అంత తలుపు పెట్టు. నీ ప్లానులో అటువైపు ఉన్నది గోడే.

వచ్చే వారంలోగా ప్లానులన్నీ తిరగరాయనక్కర్లేదు. శీతల గది మీదుగా ఒక్క సెక్షన్ గీసి పంపు. దానికీ పాత గోడకీ నడుమ మనిషి దూరి చెయ్యి పెట్టి తడి ఉందో లేదో చూడగలిగేంత సందు వదిలావో లేదో చూస్తాను.

ఇట్లు,
మీ పెదనాన్న