తప్పును పట్టిచ్చే రంగులు



హెచ్‌టీఎంఎల్ ఎడిటర్‌లో రంగులు మార్చుకోవాలనుకుంటున్నావట. తప్పకుండా మార్చుకో అమ్మా. అయితే ముచ్చటైన రంగులకన్నా ముందు నీ తప్పును పట్టిచ్చే రంగులు వెతుకు. పైథాన్‌లో కొటేషన్ మూయడం మరిచిపోతే ప్రోగ్రామ్ నడవదు, తప్పు ఏ లైన్లో ఉందో కూడా పైథానే చెబుతుంది. బ్రౌజర్ అలా ఆగదు. తప్పుల తడకగా ఉన్న పేజీనైనా సర్దుకుని చూపించేస్తుంది. ఒక లింకు చిరునామా చివర కొటేషన్ పెట్టకపోతే, ఇంకో కొటేషన్ దొరికేదాకా ఉన్నదంతా ఆ చిరునామాలో కలిసిపోతుంది. పేజీలో కొంత భాగం మాయమవుతుంది, కారణం మాత్రం కనబడదు. ఎడిటర్‌లో అయితే కొటేషన్ల మధ్య ఉండాల్సిన రంగు కింది లైన్లలోకి పాకుతుంది. ఆ రంగు మామూలు పాఠం రంగుకు దగ్గరగా ఉంటే ఆ కాస్త ఆచూకీ కూడా పోయినట్టే. అందుకే ట్యాగులు, కొటేషన్లలోని విలువలు, పాఠం ఒక్క చూపులో విడివిడిగా తెలియాలి.

ఎడిటర్‌కు రంగుల కూర్పు, అంటే థీమ్, చేసినవాళ్లకు ఇవన్నీ తెలియవా అంటావేమో. తెలుసు, కానీ వాళ్ల ప్రాధాన్యాలు వేరు. 2011లో ఈథన్ షూనోవర్ విడుదల చేసిన సోలరైజ్డ్ ఎంతో లెక్కగా కూర్చిన థీమ్. అయినా దాని ముదురు రూపంలో కామెంట్లకూ వెనకున్న రంగుకూ కాంట్రాస్ట్ సుమారు 2.8:1 మాత్రమే. వెబ్ పేజీల్లో మామూలు అక్షరాలకు డబ్ల్యూసీఏజీ ప్రమాణం కనీసం 4.5:1 ఉండాలంటుంది. కామెంట్ వెనక్కి తగ్గి ఉండాలన్నది సోలరైజ్డ్ ఉద్దేశం. కానీ ఫలానా డివ్ ట్యాగు తీసేయొద్దని నీకు ముందు పనిచేసినవాళ్లు హెచ్చరించేది కామెంట్లోనే కదా!

గో భాష సృష్టికర్తల్లో ఒకరైన రాబ్ పైక్ కోడ్‌కు ఇలా రంగులు వాడటానికే ఇష్టపడరు. రంగులెక్కువైతే చదవడం చెడుతుందన్నంతవరకు ఆ వైఖరిలో న్యాయముంది. కాబట్టి రంగుల్ని నాలుగైదుకు మించనీయకు. పూర్తిగా వదలమంటే మాత్రం ఒప్పుకోను. గోలో తప్పులు పట్టడానికి కంపైలర్ ఉంది, హెచ్‌టీఎంఎల్ తప్పుల్ని బ్రౌజర్ అలా ఆపదు. రంగులు ఎంచుకునేటప్పుడు ఎరుపు, ఆకుపచ్చల తేడా మీదే ఆధారపడకు. నీ తెర చూసే సహోద్యోగికి ఆ రెండూ ఒకటిగా కనిపించవచ్చు.

వీఎస్ కోడ్ ఎడిటర్‌లో అయితే ఇందుకు కొత్త థీమ్ చేయనక్కర్లేదు. కమాండ్ పాలెట్‌లో ‘ఇన్‌స్పెక్ట్ ఎడిటర్ టోకెన్స్ అండ్ స్కోప్స్’ నడిపితే కర్సర్ కింద ఉన్నదాని స్కోప్, అంటే ఎడిటర్ దాన్ని గుర్తించే రకం, పేరు తెలుస్తుంది. సెట్టింగ్స్‌లో ‘టోకెన్ కలర్ కస్టమైజేషన్స్’ కింద ఆ పేరుకు రంగు రాస్తే చాలు. రాశాక కావాలనే ఒక కొటేషన్ తీసేసి చూడు. వెంటనే కంటపడకపోతే విలువల రంగు మళ్లీ మార్చు.

ఇట్లు
నీ మామయ్య