వానలో యాత్ర

చదువవలసిన వేదభాగములు: కీర్తన 84, 1 రాజులు 18:41–46, ఎజ్రా 10:9–14, అపొస్తలుల కార్యములు 28:1–10

ఈ మాసపు పాఠమునకు నాలుగు భాగములను పైన వ్రాసితిమి. సాయంకాలమునకు ఒకటి చొప్పున ఇంటివారందరు కూడి ముందుగా వాటిని చదువుకొనుడి. చదువురాని పెద్దలున్న ఇండ్లలో పిల్లలు పెద్దగా చదివి వినిపింపవలెను. ఈ నాలుగింటిలోను వాన ఉన్నది, దారిలోనున్న మనుష్యులున్నారు. వానయు దారియు ఒకచోట కలిసినప్పుడు భక్తుడు ఏమి అడుగవలెను, ఏమి అడుగరాదు అనునదే ఈ పాఠము. దీనిని మేము పుస్తకములో నేర్చుకొనలేదు. మా సంఘములోని ఒక అవ్వ మాకు నేర్పెను.

కొన్ని యేండ్ల క్రిందట దసరా సెలవులలో మన ఇందల్వాయి సంఘమువారము ఇరువది ఇద్దరము మెదక్ దేవాలయమునకు కాలినడకను బయలుదేరితిమి. పెద్దరోడ్డు వెంబడి సదాశివనగర్, కామారెడ్డి, బిక్కనూరు, రామాయంపేట మీదుగా ఇంచుమించు ఎనుబది కిలోమీటర్లు. వృద్ధులు కూడ ఉన్నందున నాలుగు దినములలో పోవుదమనుకొంటిమి. బస్సులుండగా నడచుట ఎందుకని కొందరు నవ్విరి. మేము చెప్పిన జవాబు ఒక్కటే: ఆ గుడిని కట్టిన కూలివాండ్రలో బస్సు ఎక్కి వచ్చినవాడు ఒక్కడును లేడు.

ఆ చరిత్ర మీలో చాలమందికి తెలిసినదే. 1914లో పని ఆరంభమై 1924 డిసెంబరు 25న ఆ దేవాలయము ప్రతిష్ఠింపబడెను. కట్టించినవారు వెస్లియన్ మిషను చార్లెస్ వాకర్ పాస్నెట్ దొరగారు. ఆ మధ్యకాలములోనే, 1918లో, దక్కను అంతట వానలు తప్పినవి. ఆకలిగొన్నవారికి ఊరక గంజి పోయుటకు బదులు పాస్నెట్ గారు పని ఇచ్చి కూలి ఇచ్చిరి. నూరు అడుగుల వెడల్పు, రెండువందల అడుగుల పొడవు, నూటడెబ్బదియైదు అడుగుల గోపురము గల ఆ కట్టడము ఆ విధముగా లేచినది. వానలేమిని ఎరిగిన చేతులు మోసిన రాళ్లవి. ఈ సంగతి మేము బయలుదేరునాటి ఉదయమున అందరికి చెప్పితిమి గాని, మేమే మరచితిమి.

మొదటి దినము ఎండ కాసెను. రెండవ దినము సదాశివనగర్ దాటిన తరువాత నైరుతి మూల నల్లబడి, చూచుచుండగానే కుండపోత వాన పట్టుకొనెను. లారీలు పోవునప్పుడు రోడ్డు మీది నీరు లేచి ముఖములకు కొట్టుచుండెను. చెప్పులు నాని, పట్టీల క్రింద చర్మము ఊడెను. పిల్లలు ఏడ్చుచుండిరి. ఒక మూతబడిన హోటలు పంచలో నిలిచి మేము గట్టిగా ప్రార్థన చేసితిమి. మేము మెదకు చేరువరకు ఈ వానను ఆపుమనియు, నీ మందిరమునకు వచ్చు నీ బిడ్డలను కనికరింపుమనియు అడిగితిమి. అందరు ఆమెన్ అనిరి.

కొంతసేపటికి ఒక అవ్వ మా దగ్గరకు వచ్చి మెల్లగా ఇట్లనెను: “అయ్యగారు, తప్పనుకోకుండ్రి. మీ ప్రార్థనకు నేను ఆమెన్ అనలే. నేను మెదకు పోతున్నదే వాన అడుగుదామని. నా కొడుకు రెండెకరాలు వరి ఏసిండు. పొట్టకొచ్చింది. కుంట ఎండింది, బోరు పోస్తలేదు. మీరేమో వాన ఆపుమని అడుగుతిరి. ఇద్దరం ఒక్క దేవునికే మొక్కితే ఆయన ఎవరి మాట వినాలె?”

మాకు జవాబు తోచలేదు. ఆమెకు అరువదియైదేండ్లు దాటినవి. యూరియా సంచిని కొప్పెరగా మడచి తలపై వేసికొని, మాకంటె ఎక్కువగా తడిసి, మాకంటె సంతోషముగా ఆ రెండు దినములు నడచినది. ఎందుకో మాకప్పుడు తెలిసెను.

ఇప్పుడు వేదములోనికి వెళ్లుదము. 120 మొదలు 134 వరకు గల పదునైదు కీర్తనలకు యాత్రకీర్తనలని పేరు. యెరూషలేమునకు పండుగలకు ఎక్కిపోవువారు వీటిని పాడుదురని పెద్దలందురు. 121వ కీర్తన చూడుడి. పాదము తొట్రిల్లదని ఉన్నది, పగటి ఎండదెబ్బ తగులదని ఉన్నది, వానను గూర్చి ఒక్క మాట లేదు. కారణము ఆ దేశపు కాలములే. అచ్చట తొలకరి అక్టోబరు నవంబరు మాసములలో ఆరంభమగును, కడవరి వాన మార్చి ఏప్రిలులతో తీరును, వేసవి అంతయు చుక్క పడదు. పస్కా వానలు తీరునప్పుడు, వారముల పండుగ ఎండాకాలములో, పర్ణశాలల పండుగ తొలకరికి కొంచెము ముందుగా వచ్చును. మనకైతే జూను నుండి సెప్టెంబరు వరకు వానాకాలము. కాబట్టి యూదుల యాత్రికునికి ఎండ బాధ, మన యాత్రికునికి బురద బాధ.

అయితే పర్ణశాలల పండుగ అయిన వెంటనే చిక్కు వచ్చెను. రైతు దుక్కి దున్నుటకు వాన కావలెను. దూరదేశమునుండి వచ్చినవాడు ఇల్లు చేరువరకు వాన వద్దు. క్రీస్తు శకము 200 ప్రాంతమున కూర్చబడిన యూదుల మిష్నా అను గ్రంథములో దీనిని గూర్చిన తీర్పు ఒకటి ఉన్నది. పండుగ ముగిసిన తరువాత పదునైదు దినములవరకు, అనగా మర్హెష్వాన్ మాసము ఏడవ దినము వరకు, వాన కొరకు ప్రార్థన ఆరంభింపరాదని గమలీయేలు అను బోధకుడు చెప్పెను. యాత్రికులలో కట్టకడపటివాడు యూఫ్రటీసు నది చేరుటకు అంత కాలము పట్టునట. ఒక జనాంగమంతయు ఒక బాటసారి తడువకూడదని తన ప్రార్థనను ఆపుకొనుట ఎంత దయ!

మరియొక ప్రక్క కూడ వారెరుగుదురు. ప్రాయశ్చిత్త దినమున ప్రధానయాజకుడు అతిపరిశుద్ధ స్థలము నుండి వెలుపలికి వచ్చి చేయు చిన్న ప్రార్థనలో, లోకమునకు వాన అవసరమైనప్పుడు బాటసారుల ప్రార్థనను లోనికి రానీయవద్దని దేవుని వేడుకొనునని తల్మూదులో ఉన్నది. అచ్చటనే గలిలయ వాడైన హనీనా బెన్ దోసా కథయు చెప్పబడినది. అతడు దారిలో ఉండగా వాన వచ్చెను. లోకమంతయు సుఖముగా నుండగా తానొక్కడు కష్టపడుచున్నాననెను, వాన ఆగెను. ఇల్లు చేరి, తానొక్కడు సుఖముగా నుండగా లోకము కష్టపడుచున్నదనెను, మరల వాన కురిసెను. హనీనా యెదుట ప్రధానయాజకుని ప్రార్థన ఏమి పనికివచ్చెనని ఒక పండితుడు అడిగెనట. వేదాంత పాఠశాలలో ఈ కథ వినినప్పుడు మేము నవ్వుకొంటిమి. హోటలు పంచలో నిలిచిన నాడు నవ్వు రాలేదు.

మనకు ప్రమాణము తల్మూదు కాదు, పరిశుద్ధ గ్రంథము. అందుచేత ఏలీయాను చూడుడి. కర్మెలు కొనమీద ముఖము మోకాళ్ల మధ్య ఉంచుకొని, పనివానిని ఏడు మారులు సముద్రమువైపు చూడబంపి, అతడు వాన కొరకు కనిపెట్టెను. మనిషి చెయ్యియంత మేఘము కనబడగానే, వాన అడ్డగించకమునుపే రథము సిద్ధపరచుకొమ్మని అహాబునకు కబురంపెను. రాజు రథము మీద పోయెను. ప్రవక్తకు రథము లేదు. నడుము బిగించుకొని ఆ మోపైన వానలో యెజ్రెయేలు వరకు రథమునకు ముందుగా పరుగెత్తెను. తాను అడిగిన వానలో తానే తడిసెను. నా దారి మట్టుకు పొడిగా ఉంచుమని అతడు అడిగినట్లు వ్రాయబడలేదు. మా అవ్వ ఈ ప్రవక్త వంశములోనిది.

ఇక 84వ కీర్తన. ఇది యాత్రకీర్తనల వరుసలో లేకపోయినను యాత్రికుని కీర్తనయే. సీయోనునకు పోవువారు బాకా లోయలో నడచుచుండగా తొలకరి ఆ చోటును దీవెనలతో కప్పునని ఆరవ వచనములో చూచుచున్నాము. హెబ్రీ భాషలో అచ్చట తొలకరికి వాడబడిన ‘మోరె’ అను మాటకు బోధకుడు అనియు అర్థము కలదు. వాన యాత్రికుని మీద పడిన చోట కీర్తనకారుడు దానిని ఆటంకమనక దీవెన యనుచున్నాడు. దీవెన ఎవరికి? దారిన పోవువానికే గాక, ఆ లోయలో ఉండువారికిని గదా.

ఈ సందర్భమున మన పొరుగువారిని గూర్చి ఒక మాట. బోధన్ తట్టున మహారాష్ట్ర సరిహద్దు గ్రామములలో పండరి భక్తులు కలరు. ఆళంది నుండి జ్ఞానేశ్వరుని పల్లకి, దేహూ నుండి తుకారాము పల్లకి బయలుదేరి, ఆళంది దారిన సుమారు 250 కిలోమీటర్లు, మూడు వారములకు దగ్గరగా నడచి, ఆషాఢ శుద్ధ ఏకాదశికి పండరిపురము చేరును. ఆ నడక అంతయు వానాకాలములోనే. వారి పూజను గూర్చి ఇచ్చట మాటలాడము, మన విశ్వాసము వేరు. అయితే వారిలో అనేకులు రైతులు. విత్తనము వేసి ఇల్లు విడుతురు. దారిలో వాన పడినయెడల తమ చేను తడియుచున్నదని సంతోషింతురు, పడనియెడల దిగులుపడుదురు. ఇది చూచి మనము కొంచెము సిగ్గుపడవచ్చును.

మరి వానను సంతోషముగా అంగీకరించువాడు ఏ వానలోనైన నడువవలెనా? ఇక్కడ మా రెండవ తప్పు చెప్పవలెను. మూడవ దినమున కామారెడ్డి దాటిన పిమ్మట, దగ్గరిదారి యని పెద్దరోడ్డు విడిచి ఒక పల్లెబాట పట్టితిమి. ఆ నిర్ణయము మాదే. సాయంకాలమునకు ఒక వాగు ఎదురాయెను. తక్కువ ఎత్తు వంతెన మీదుగా ఎర్రనీరు పారుచుండెను. మోకాలి లోతేనని యువకులనిరి. యొర్దాను పాయలైనది, మనకు ఏల కాదని ఒకడనెను. యెహోషువకు ఆజ్ఞ వచ్చెను, మనకు రాలేదని చెప్పితిమి. గుడి శిఖరము మీదినుండి దుముకుమని సాతాను ప్రభువుతో పలికినప్పుడు కూడ వచనము చూపియే పలికెను గదా. పారు నీరు మోకాలి లోతుననే నిలువునా మనిషిని పడద్రోయును, క్రింద రోడ్డు ఉన్నదో కొట్టుకొనిపోయినదో కంటికి తెలియదు. 2025 ఆగస్టు చివరివారమున ఇదే కామారెడ్డి, మెదక్ జిల్లాలలో కురిసిన వాన రోడ్లను, రైలు కట్టను కూడ కోసివేసినది. వాగు దాటుట విశ్వాసమునకు పరీక్ష కాదు.

ఎజ్రా 10వ అధ్యాయము ఇందుకే ఇచ్చితిమి. తొమ్మిదవ నెలలో యూదావారును బెన్యామీనీయులును మూడు దినములలో యెరూషలేమున కూడి, మందిరపు వీధిలో కూర్చుండి, జరుగుచున్న సంగతికిని కురుయుచున్న గొప్ప వానకును వణకుచుండిరి. చేయవలసిన కార్యము దేవుని కార్యమే. అయినను వారు, జనులు అనేకులనియు, ఇది వర్షకాలమనియు, బయట నిలువజాలమనియు, ఒకటి రెండు దినములలో తీరు పని కాదనియు చెప్పి, గడువు అడిగిరి. ఎజ్రా వారిని అవిశ్వాసులని గద్దింపలేదు. ఆ యేర్పాటు ప్రకారమే కార్యము జరిగెను.

మేమును నిలిచితిమి. ఆ ఊరి రైతు ఒకాయన, మన మతమువాడు కాడు, ఎరువుల బస్తాలుంచు రేకుల షెడ్డు తెరచి ఇచ్చెను. ఆయన భార్య ఎండిన మక్కబెండ్లు గంపతో తెచ్చి నిప్పు రాజేసెను. మక్కగట్కయు పచ్చిపులుసును వచ్చెను. మెలితే ద్వీపవాసులు వానను చలిని చూచి నిప్పు రాజబెట్టి అందరిని చేర్చుకొనిరని లూకా వ్రాసిన మాట ఆ రాత్రి చదివితిమి. అచ్చట పౌలు ఏమి చేసెనో గమనించితిరా? అపొస్తలుడనని కూర్చుండక పుల్లలు ఏరెను. మేమును లేచి బెండ్లు ఎగద్రోసితిమి.

ప్రార్థన చేయుమని అవ్వనే అడిగితిమి. ఆమె ప్రార్థన చిన్నది. కొడుకు కుంట నింపుమని, ఈ తల్లి ఇల్లు చల్లగా చూడుమని, పిల్లలు పండుకొన్న మూల కారకుండ చూడుమని అడిగెను. మేము ఆమెన్ అంటిమి. మూల కొంచెము కారెను. పిల్లలను ఇవతలికి జరిపితిమి.

మరునాడంతయు వాగు తగ్గలేదు. జ్వరము వచ్చిన ఇద్దరిని, కాళ్లు పుండ్లైన ఒకాయనను ఆటోలో పెద్దరోడ్డుకు పంపి బస్సెక్కించితిమి. మ్రొక్కుబడి చెడెనా అని ఆయన కన్నీరు పెట్టెను. చెడలేదంటిమి. నడచిన కిలోమీటర్లను లెక్కించు వచనము మాకు ఎక్కడను కనబడలేదు.

ఆదివారపు ఆరాధనకు చేరవలెనని బయలుదేరినవారము సోమవారము మధ్యాహ్నమునకు మెదక్ చేరితిమి. లోపల జనము లేరు. తడిబట్టలతో ఆ రంగుటద్దముల క్రింద చాలసేపు కూర్చుంటిమి. అవ్వ మోకరించి లేచిన తరువాత, యువకుని ఫోను అడిగి కొడుకుతో మాటలాడి, “మోకాళ్ల దాక వచ్చినయట” అని మాతో చెప్పెను.

బస్సు దగ్గరకు పోవు వేళకు మరల చినుకులు మొదలాయెను. ఒకడు గొడుగు పట్టబోగా ఆమె చేతితో వద్దని, సంచి తీసి, మూల మడచి తలపై వేసికొనెను.