ప్రోటోకాల్ పాఠము: నియమము వెనుక కారణము

ఇద్దరు అపరిచితులు సంభాషించుకొనవలెనన్న ముందుగా ఒక మర్యాద కుదరవలెను. కంప్యూటర్ల మధ్య అట్టి మర్యాదకే ప్రోటోకాల్ అని పేరు. ఈ విషయము బోధించునపుడు సాధారణముగా 1984లో అంతర్జాతీయ ప్రమాణముగా వెలువడిన ఏడు పొరల నమూనాతో ఆరంభింతురు. విద్యార్థి ఆ ఏడు పేర్లను అప్పజెప్పి మార్కులు సంపాదించును. కాని ఇంటర్నెట్టును నడుపుచున్నవి 1983 జనవరి 1న ఆర్పానెట్ స్వీకరించిన టి.సి.పి., ఐ.పి. నియమములు. వీటికి బీజము 1974లో వింటన్ సెర్ఫ్, రాబర్ట్ కాన్ ప్రకటించిన వ్యాసము. పేర్లు వల్లించుటకంటె, ఏ చిక్కు తీర్చుటకు ఏ నియమము పుట్టినదో తెలిసికొనుటయే అసలైన చదువని నా అభిప్రాయము.

ఐ.పి. పని స్వల్పము. చిరునామా గల ప్యాకెట్టును గమ్యము వైపు సాగనంపును. చేరునన్న హామీ ఇవ్వదు. కొన్ని దారిలో నశించును, కొన్ని వెనుకముందులగును. ఈ కొరతను టి.సి.పి. తీర్చును. ప్రతి బైటుకును వరుస సంఖ్య నిచ్చి, అందినట్లు రసీదు రానిచో మరల పంపును. సంభాషణకు ముందు మూడు సందేశములు నడుచును. రెండు చాలవా? చాలవు. రెండవ పక్షము ప్రకటించిన ఆరంభ సంఖ్య మొదటి పక్షమునకు అందినదని తెలుపునది మూడవ సందేశమే. అది లేనిచో, ఎక్కడనో చిక్కుకొని ఆలస్యముగా వచ్చిన పాత అభ్యర్థనను కొత్తదిగా భ్రమించు ప్రమాదము గలదు.

మరల పంపుటయే ఒకప్పుడు ముప్పు తెచ్చినది. 1986 అక్టోబరులో అమెరికాలోని లారెన్స్ బర్కిలీ ప్రయోగశాలకును, దాదాపు 400 గజముల దూరమున నున్న బర్కిలీ విశ్వవిద్యాలయమునకును మధ్య వేగము సెకనుకు 32,000 బిట్ల నుండి 40 బిట్లకు పడిపోయెను! రద్దీ వలన ప్యాకెట్లు పోయినకొలది యంత్రములు మరల పంపెను. పంపినకొలది రద్దీ హెచ్చెను. గేటు పడినపుడు వాహనములన్నియు ముందుకు దూరినట్లే. వాన్ జాకబ్సన్ 1988లో ప్రకటించిన పరిష్కారము సరళమైనది: కొద్దిగా ఆరంభింపుము, రసీదులు వచ్చినకొలది పెంచుము, ప్యాకెట్టు పోయినచో రద్దీ యని గ్రహించి తగ్గుము. ఇంత నిగ్రహమును ఏ అధికారియు విధింపడు; ప్రతి యంత్రమును తనంతట తానే పాటించును.

మూలపత్రములు ఆర్.ఎఫ్.సి.లను పేర ఉచితముగా లభించును. 1981 నాటి టి.సి.పి. పత్రము, 793వది, 2022లో 9293వ దానిచే తొలగింపబడినది. ఆరంభకులు మూడు పుటల యు.డి.పి. పత్రమును, 768వ దానిని, ముందు చదువుట మేలు.

ప్రయోగశాలలో గూఢలిపి లేని చిన్న ప్రోగ్రాముతో తెలుగు 'అ'ను, ఉర్దూ 'అలిఫ్'ను యు.టి.ఎఫ్.-8 రూపమున పంపి, వైర్‌షార్క్‌లో పరిశీలింపుడు. మొదటిది మూడు బైట్లు, రెండవది రెండు. ఏది ఏ లిపియో దారిలోని ఐ.పి.కి తెలియదు, తెలియనక్కరలేదు.