పాత కారు కంప్యూటరు మార్చుటకు ముందు

గత మామిడి కాపు రోజులలో ఉపమాక దిగువనున్న ఒక ఊరి రైతు మా కార్యాలయమునకు వచ్చి, పంట సంగతి విడిచి కారు సంగతి ఎత్తినారు. "బాబూ, కారులో కంప్యూటరు పోయిందంట. కొత్తదానికి పద్దెనిమిది వేలవుద్దంట. ఇత్తనాలకి దాచిన డబ్బు అందులో ఎట్టీమంటారా?" అని అడిగినారు. ఇరువది ఏండ్లనాటి పెట్రోలు కారు అది. తుని మార్కెట్టుకు మామిడి పెట్టెలు మోయుటకైనను, ఇంట్లోవారిని ఆసుపత్రికి తీసుకొనిపోవుటకైనను అదే ఆధారము.

నేను మోటారు మేస్త్రీని కాను. నైర వ్యవసాయ కళాశాలలో ట్రాక్టరు ఇంజను పాఠములు చదివినవాడను, అంతియే. కాని నా పాత కారు నాకీ విద్యను కొంత ఖరీదుకు నేర్పినది. ఇప్పుడు మన గ్రామములలో ఇట్టి కార్లు చాల ఉన్నవి గనుక తెలిసినంత వ్రాయుచున్నాను.

పూర్వపు కార్లలో గాలి, పెట్రోలు కలుపు పని కార్బురేటరు చేసెడిది. జర్మనీలో 1967 లో బాష్ కంపెనీ ఎలక్ట్రానిక్ పద్ధతిని అమ్మకమునకు తెచ్చినది. 1979 లో ఇంధనమును, నిప్పురవ్వను ఒకే కంప్యూటరు నడుపు ఏర్పాటు వచ్చినది. మన దేశములో 2000 వ సంవత్సరము తరువాత చిన్న కార్లన్నిటికి ఇది వ్యాపించినది. ఇంజను ఎంత వేగముగ తిరుగుచున్నది, ఎంత వేడెక్కినది, ఎంత గాలి పీల్చుచున్నది అను సమాచారము సెన్సార్లు పంపును. ఆ లెక్క ప్రకారము ఇంజెక్టరు సెకనులో వెయ్యవ వంతులు కొన్ని మాత్రమే తెరచుకొనునట్లు ఈ అల్యూమినియం డబ్బా ఆజ్ఞ ఇచ్చును.

డబ్బా తానుగా చెడుట అరుదు. దానికి కరెంటు అందకున్నను, ఎర్తు సరిగా లేకున్నను, ఒక సెన్సారు చెడినను లక్షణములు మాత్రము డబ్బా చెడినట్లే ఉండును. ఆకు పసుపుబారగానే యూరియా చల్లువారు ఉన్నారు గదా! వేరు కుళ్ళినదో, నీరు నిలిచినదో చూడరు. ఇదియు అట్టిదే.

కావున మొదట తాళము తిప్పి చూడవలెను. ఇంజను గుర్తుగల పసుపు దీపము వెలుగవలెను. వెలుగనిచో ఫ్యూజు, మెయిన్ రిలే చూడవలెను. తరువాత మల్టీమీటరుతో బ్యాటరీ చూడవలెను. ఇంజను ఆగియున్నప్పుడు 12.6 వోల్టుల దరిదాపున, నడుచునప్పుడు 13.5 నుండి 14.5 వరకు ఉండవలెను. పదిహేను దాటుచున్నచో ఆల్టర్నేటరు రెగ్యులేటరు చెడినదని అర్థము. దానిని బాగుచేయక క్రొత్త కంప్యూటరు పెట్టినచో అదియు కాలిపోవచ్చును.

ఎర్తు విషయము మన ప్రాంతము వారు ముఖ్యముగ గమనింపవలెను. నక్కపల్లికి సముద్రము దగ్గర. ఉప్పుగాలికి రాగి తీగ పచ్చబారి, లోలోపల తినివేయబడును. మీటరు ఒక మొన బ్యాటరీ మైనస్ మీదను, రెండవది ఇంజను మీదను ఉంచి సెల్ఫ్ కొట్టించవలెను. అర వోల్టు మించి చూపినచో ఎర్తు తీగ పనికిరాదు. ఉపమాక రైతు కారులో ఒకటిన్నర వోల్టు చూపినది. బ్యాటరీ క్రింది తీగ చేతితో లాగగానే ఊడివచ్చినది. క్రొత్త తీగ వేసిన సాయంకాలమే వారు ఆ కారులో ఇంటికి పోయినారు. విత్తనముల డబ్బు విత్తనములకే మిగిలినది.

మరియొక పరీక్ష కలదు. సెన్సార్లకు కంప్యూటరు 5 వోల్టులు పంపును. అది లేనిచో సెన్సార్ల ప్లగ్గులు ఒక్కొక్కటిగా తీయవలెను. ఒకదానిని తీయగానే 5 వోల్టులు తిరిగి వచ్చినచో దోషము ఆ సెన్సారుదే. ధాన్యపు కొట్టములో నిలిపిన కారులో ఎలుకలు తీగలు కొరికియుండునేమో కూడ చూడవలెను. గట్లమీది ఎలుకలకు మందు చెప్పు నేను నా కారు తీగలను కాపాడుకొనలేకపోయితినని ఇంట్లో నవ్విరి.

ఇక నిజముగ చెడు సందర్భములు. నా కారుకు సైలెన్సరు వద్ద వెల్డింగు చేయించునప్పుడు బ్యాటరీ తీగ విప్పించలేదు. మరునాడు బండి కదలలేదు. కరెంటు, ఎర్తు అన్నియు సరిగానే ఉన్నవి. స్కానరులో పి 0606 అను సంఖ్య వచ్చినది, అనగా కంప్యూటరు లోపలి ప్రాసెసరు దోషము. లారీ యొక్క 24 వోల్టుల బ్యాటరీతో కారును స్టార్టు చేయబోయినను, బ్యాటరీ తీగలు తారుమారైనను ఇట్లే కాలవచ్చును. 2014 అక్టోబరు 12 నాటి హుద్‌హుద్ వంటి తుపానులలో నీట నిలిచిన కారుకు తాళము తిప్పరాదు. ముందు బ్యాటరీ విప్పవలెను.

మార్చుటకు నిశ్చయించినప్పుడు ఇగ్నిషన్ కాయిలు, ఇంజెక్టర్లు షార్టు అయినవేమో ముందుగ కొలిపించవలెను. పాతదానిని కాల్చినది అదే అయినచో క్రొత్తదానిని కూడ కాల్చును. పాత సామాను కొట్టులో కొనువారు డబ్బాపై చీటీలోని సంఖ్య చివరి అంకె వరకు కలియునట్లు చూచుకొనవలెను. ఒకే పేరుగల కారులో కూడ ఏడాదినిబట్టి అది మారును. ఇమ్మొబిలైజరు ఉన్న కారులో పరాయి డబ్బా మన తాళమును గుర్తింపదు. ఇంజను అంటుకొని రెండు సెకనులలో ఆగిపోవును, లేదా అంటుకొననే అంటుకొనదు. అట్టిచో పాత డబ్బాలోని సమాచారమును క్రొత్తదానిలోనికి ఎక్కించగల పనివాని వద్దకే పోవలెను. అందుచేత పాతది పారవేయరాదు. కాలిన ట్రాన్సిస్టరు, కారిన కెపాసిటరు మాత్రమే అయినచో దానినే బాగుచేయుదురు. నా డబ్బా అట్లే బాగైనది.

బిగించు విధము కష్టము కాదు. తాళము తీసివేసి, మైనస్ తీగ విప్పి పది నిమిషములు ఆగవలెను. కారు లోహమును చేతితో తాకిన పిమ్మట డబ్బాను పట్టుకొనవలెను. పిన్నులను వ్రేళ్ళతో తాకరాదు. డాష్‌బోర్డు క్రింది పసుపు ప్లగ్గులు ఎయిర్‌బ్యాగువి, వాటి జోలికి పోరాదు. పిన్నులు పచ్చబారియున్నచో కాంటాక్టు క్లీనరుతో కడిగి ఆరనిచ్చి, ప్లగ్గు గడియ పడువరకు నొక్కవలెను. మరలు అన్నియు బిగించవలెను. కొన్ని కార్లలో ఆ మర ద్వారానే ఎర్తు అందును.

తీగ కలిపిన తరువాత ఏసీ, దీపములు ఆర్పి, యాక్సిలరేటరు తొక్కక, రేడియేటరు ఫ్యాను తిరుగువరకు ఇంజనును నిదానముగ నడువనీయవలెను. మొదట కొంత ఎగుడుదిగుడుగ తిరిగినను భయపడనక్కరలేదు. పిదప స్కానరు పెట్టించి, పాత సంఖ్యలు చెరిపివేయించి, వేంపాడు వరకు ఒకసారి పోయివచ్చి మరల చూపించుకొనవలెను.